ఆకుకూర మానొద్దు - కొలత తప్పొద్దు

అనంతపురం పల్లెల్లో సంగటి ముద్ద పక్కన ఏదో ఒక కూరాకు ఉండాల. వాన పడితే ఆకుకూర పప్పు. ఎండాకాలంలో వంకాయ పల్యం. ఏమీ లేకుంటే చెనిక్కాయల ఊరిబిండి. చాలామందికి ఏది తిన్నా ఫరవాలేదు. కానీ రక్తం పలుచబడే మందు తినేవారు ఆకుకూరను లెక్కగా తినాలి. ఎందుకో తెలుసుకుందాం.

మందు ఎవరికి ఇస్తారు?

చిన్నతనంలో గొంతు నొప్పి, ఆ తర్వాత కీళ్ల వాపులతో జ్వరం వస్తే కొందరికి గుండె కవాటం చెడిపోతుంది. కవాటం అంటే గుండెలో తలుపు లాంటిది. రక్తం వెనక్కి పోకుండా ఆపుతుంది. అది బాగా చెడితే తీసేసి, లోహపు కవాటం వేస్తారు.

1991లో పుట్టపర్తి దగ్గర శ్రీ సత్యసాయి పెద్దాసుపత్రి వచ్చింది. అక్కడ గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తారు. 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. తొలి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. అట్లా పేదలకూ ఈ ఆపరేషన్ అందింది.

లోహపు కవాటం మీద రక్తం గడ్డ కట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. గడ్డ కట్టకుండా వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ మాత్రలు ఇస్తారు. ఇవి బతికినంత కాలం తినాలి.

ఈ మందు వెనుక ఒక పశువుల కథ ఉంది. 1920లలో అమెరికా, కెనడాలలో బూజు పట్టిన మేత తిని పశువులు రక్తం కారి చచ్చిపోయాయి. ఆ మేతలోని పదార్థం ఏమిటో శాస్త్రవేత్తలు కనిపెట్టారు. దానినుంచే వార్ఫరిన్ పుట్టింది. 1954 నుంచి మనుషులకు మందుగా ఇస్తున్నారు.

ఆకుకూరకూ మందుకూ ఏమి సంబంధం?

దెబ్బ తగిలితే రక్తం గడ్డ కట్టి ఆగాలి. దానికి విటమిన్ కె కావాలి. ఈ మందు విటమిన్ కె పనిని తగ్గిస్తుంది. ఆకుకూరల్లో విటమిన్ కె ఎక్కువ. కాబట్టి మందు ఒకవైపు లాగుతుంది, ఆకు ఇంకోవైపు లాగుతుంది. రెండూ సమంగా ఉండాలి.

అనంతపురం వైపు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. ఎండాకాలంలో ఆకు దొరకదు. అప్పుడు రక్త పరీక్ష చేసి మందు కొలత కట్టారనుకోండి. తర్వాత వాన పడింది. చేను గట్టున ఆకు మొలిచింది. పూటపూటకూ ఆకు పప్పే! అప్పుడు మందు బలం చాలదు. గడ్డ కట్టే ప్రమాదం. మళ్లీ ఆకు ఒక్కసారిగా మానేస్తే మందు బలం ఎక్కువవుతుంది. రక్తం కారే ప్రమాదం.

ఒక ఇంట్లో అత్తాకోడళ్లు ఇట్లా మాట్లాడుకున్నారు:

"అత్తా, తోటకూర పప్పు చేసినా. నీకు పెట్టేదా?"

"వద్దులేమ్మా. ఆకు ముట్టితే చెడ్డదంటారు పక్కింటోళ్లు."

"డాక్టరమ్మ ముట్టొద్దని చెప్పలేదు కదత్తా. ఎప్పుడూ ఒకే లెక్కన తినమనింది. ఆకు మానేస్తే నీ ఒంట్లో రక్తం ఎట్లా పడుతుంది?"

కోడలు చెప్పింది నిజం. ఆకులో ఇనుము ఉంది. మానడం కాదు, ఒకే కొలత పాటించడం ముఖ్యం.

ఏ కూర ఎట్లా?

విటమిన్ కె ఎక్కువ: తోటకూర, మునగాకు, పాలకూర, మెంతాకు, కొత్తిమీర. క్యాబేజీలో కూడా ఉంది.

తక్కువ: వంకాయ, టమాట, సొరకాయ, గుమ్మడికాయ, ముల్లంగి, ఎర్రగడ్డ. చెనిక్కాయల్లో, చెనిక్కాయ నూనెలో కూడా తక్కువే. సోయా నూనెలో ఎక్కువ. నూనె మారిస్తే డాక్టరుకు చెప్పాలి.

వండే పద్ధతి

1. ఆకు పప్పుకు ఒకే చిన్న గిన్నె పెట్టుకోండి. ఉడికిన ఆకును దాంతోనే కొలవండి. పచ్చి ఆకు కట్ట పెద్దదిగా కనిపిస్తుంది, ఉడికితే పిడికెడవుతుంది.

2. పప్పు విడిగా ఉడికించండి. మందు తినేవారి పప్పు ముందు తీసి, కొలిచిన ఆకు అందులో కలపండి. మిగతా ఆకు ఇంటిల్లిపాదికీ.

3. వారంలో ఎన్ని రోజులు ఆకు తినాలో డాక్టరును అడగండి. వానకాలమైనా, ఎండాకాలమైనా అంతే తినండి. ఆకు దొరకని కాలం వస్తే ముందే డాక్టరుకు చెప్పండి.

4. మిగతా రోజుల్లో వంకాయ పల్యం చేయండి. వంకాయ, ఎర్రగడ్డ నూనెలో మగ్గించి, వేయించిన చెనిక్కాయల పొడి చల్లండి.

5. తిరగవాతలో నాలుగు కరివేపాకులు ఫరవాలేదు. కొత్తిమీర చట్నీ, కరివేపాకు పొడి మాత్రం ఆకు లెక్కలోకి వస్తాయి.

6. ఆకు ఉడికించి నీళ్లు పారబోస్తే విటమిన్ కె పోదు.

జాగ్రత్తలు

చెప్పిన రోజుకు ఐ.ఎన్.ఆర్. రక్త పరీక్ష చేయించాలి. మాత్ర మరచిపోతే మరుసటి రోజు రెండు మింగరాదు. ఒళ్లు నొప్పుల మాత్రలు, సూదులు, నాటు మందులు డాక్టరును అడగకుండా వాడరాదు. గర్భం వస్తే, లేదా కావాలనుకుంటే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఈ మందు కడుపులో బిడ్డకు చెరుపు చేయవచ్చు. అయినా సొంతంగా మానరాదు.

చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, ఎర్రటి మూత్రం, తలకు దెబ్బ - ఇవి ప్రమాదం. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా ప్రమాదమే. వెంటనే 108కి ఫోన్ చేయండి.

రక్తం పలుచబడే మందులన్నీ ఒకటి కాదు. ఆస్పిరిన్ తినేవారికి ఈ ఆకు లెక్క లేదు. మీ ఇంట్లో వాడేది ఏ మందో చీటీ చదివి తెలుసుకోండి.

ఆలోచించండి - చెప్పండి

1. వాన పడిన తర్వాత మందు బలం ఎందుకు చాలకపోవచ్చు?
2. ఆకుకూర పూర్తిగా మానితే ఏమవుతుంది?
3. మీ ఇంట్లో ఈ వారం వండిన కూరల పేర్లు రాయండి. విటమిన్ కె ఎక్కువ ఉన్న వాటి కింద గీత గీయండి.