టైప్‌రైటర్ కొనిచ్చిన తల్లి

పిల్లలు పుస్తకం ముట్టడం లేదని బాధపడే తల్లిదండ్రులు కొందరు. పాఠాలు పక్కన పడేసి కథల పుస్తకాలకు అతుక్కుపోతున్నారని బెంగపడేవాళ్ళు ఇంకొందరు. ఈ ఇద్దరూ తెలుసుకోవలసిన తల్లి ఒకావిడ ఉంది. ఆవిడకు పెద్ద చదువు లేదు, డబ్బు లేదు. కానీ ఆవిడ కూతురు ప్రపంచమంతా చదివే సైన్స్ ఫిక్షన్ రచయిత్రి అయింది.

ఆ కూతురి పేరు ఆక్టేవియా బట్లర్. 1947లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, పాసడీనాలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టింది. బూట్లు పాలిష్ చేసి బతికిన తండ్రి ఆమె చిన్నతనంలోనే పోయాడు. తల్లి లూసియానా పల్లెలో పుట్టిన మనిషి. చిన్నప్పుడే బడి మాన్పించి పనికి పెట్టారు. పెద్దయ్యాక తెల్లవాళ్ళ ఇళ్ళలో పనిమనిషిగా చేరింది. ఒక్కోసారి కూతుర్నీ వెంటబెట్టుకుని వెళ్ళేది. ఆ ఇళ్ళలోకి వెనక గుమ్మం నుంచే వెళ్ళాలి. తన తల్లితో ఆ యజమానులు ఎలా మాట్లాడేవారో పిల్ల కళ్ళారా చూసేది.

ఆ ఇళ్ళవాళ్ళు వద్దనుకుని పారేసే పుస్తకాలను, పత్రికలను తల్లి ఇంటికి మోసుకొచ్చేది. ఆ ఇంట్లో గ్రంథాలయం మొదలైంది అలాగే. రాత్రి పడుకునే ముందు కూతురికి కథలు చదివి వినిపించేది. పిల్లకు ఆరేళ్ళు వచ్చి, కథ లేనిదే నిద్ర పట్టని స్థితికి చేరాక, పుస్తకం తన చేతికే ఇచ్చి ఇక నువ్వే చదువుకో అంది. ముందు రుచి చూపించింది, తర్వాతే పని అప్పగించింది. మనం చాలాసార్లు ఈ వరస తిరగేస్తాం. అక్షరాలు రాగానే చదివి వినిపించడం మానేసి, చదవమని వెంటపడతాం. చదవడం వచ్చిన పిల్లలకు కూడా మరికొన్నేళ్ళు మీరు చదివి వినిపించండి. రోజూ పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాల్లో ప్రశ్నలు అడగకండి, నీతి చెప్పించకండి.

ఆక్టేవియా బడిలో చురుకైన పిల్ల కాదు. అక్షరాల దగ్గర తడబడేలా చేసే డిస్లెక్సియా కొద్దిగా ఉండేది. వయసుకు మించిన ఎత్తు, విపరీతమైన సిగ్గు. తోటి పిల్లలు ఏడిపించేవాళ్ళు. గ్రంథాలయమే ఆమెకు తలదాచుకునే చోటయింది. మీ అమ్మాయో అబ్బాయో అక్షరాల దగ్గర తడబడుతుంటే సోమరితనమని కోప్పడకండి, తెలిసినవాళ్ళకు చూపించండి. ఈలోగా కథలకు మాత్రం దూరం చేయకండి. తెలుగు మార్కులకూ కథల మీద ప్రేమకూ ఉన్న సంబంధం చాలా తక్కువ. మనం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం. వారానికోసారి మీ ఊరి శాఖా గ్రంథాలయానికి పిల్లల్ని తీసుకెళ్ళండి. అక్కడ ఏ పుస్తకం తీయాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి.

పదేళ్ళ వయసులో ఆక్టేవియా సొంతంగా కూడబెట్టుకున్న డబ్బుతో మొదటిసారి ఒక పుస్తకాల దుకాణం గడప తొక్కింది. నల్లపిల్లల్ని లోపలికి రానిస్తారో లేదోనని భయపడుతూనే వెళ్ళింది. మొదట కొన్నది గుర్రాల జాతుల గురించిన పుస్తకం, ఆ తర్వాత కొన్నది నక్షత్రాలు, గ్రహాల గురించి. పరీక్షకు పనికొచ్చేవి కావు. తల్లి వద్దనలేదు.

అదే వయసులో ఒకరోజు వంటింట్లో తల్లి ఆమె జుట్టు సరిచేస్తోంది. పిల్ల ఎవరో వాడి పారేసిన నోటుబుక్కులో తల వంచుకుని కథ రాసుకుంటోంది. ప్రతి మనిషికీ మిగతా పనులన్నిటికంటే బాగా చేతనైన పని ఒకటుంటుందని, అదేమిటో ఎవరికి వాళ్ళే కనుక్కోవాలని తల్లి అప్పుడు చెప్పింది. కొన్నాళ్ళకు కూతురు టైప్‌రైటర్ కావాలని పట్టుబట్టింది. పిల్లను పాడు చేస్తున్నావని, డబ్బు దండగని, రేపటికి అది దుమ్ము కొట్టుకుపోతుందని తల్లి స్నేహితురాలు మందలించింది. అయినా ఇళ్ళలో పనిచేసి సంపాదించిన డబ్బుతో ఆ తల్లి రెమింగ్టన్ టైప్‌రైటర్ కొనిచ్చింది. ఆ పిల్ల రాసిన కథల్లో ఒకదాన్ని పత్రికకు పంపడానికి బడిలో సైన్సు మాస్టారు స్వయంగా టైపు చేసిపెట్టాడు.

ఆ తల్లి కలల్లో తేలే మనిషి కాదు. కూతురు ఏ ఆఫీసులోనో సెక్రటరీగా చేరి, నెలనెలా జీతం తెచ్చుకుంటే చాలనుకుంది. మీ అబ్బాయి ఇంజనీరు కావాలని మీరు కోరుకోవడం కూడా అలాంటిదే, అందులో తప్పేమీ లేదు. ఆ కోరిక మనసులో ఉండగానే ఆవిడ టైప్‌రైటర్ కొనగలిగింది. ఈ రెండూ ఒకే ఇంట్లో ఇమడగలవు.

పదమూడేళ్ళప్పుడు, తాను రచయిత్రినవుతానని చెబితే, నల్లవాళ్ళు రచయితలు కాలేరని ఆ పిల్ల మీద ప్రేమతోనే ఒక పిన్ని చెప్పింది. ఆ పిల్లకు ఎదురు చెప్పడానికి మాట దొరకలేదు. నల్లజాతి మనిషి రాసిందని తెలిసి చదివిన పుస్తకం అప్పటిదాకా ఆమెకు ఒక్కటీ ఎదురవలేదు. కథలు కూడు పెడతాయా అని మన ఇళ్ళలో అనే మాట కూడా ప్రేమతో అనేదే. కానీ పిల్లల మనసులో అది ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. అందుకే మీ ఇంటి యాస, మీ ఊరి బతుకు అచ్చులో కనిపించే పుస్తకాలు పిల్లల కంటపడేలా చూడండి. నామిని 'సినబ్బ కతలు', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' లాంటివి చదివిన పిల్లలకు మనలాంటివాళ్ళు కూడా రాస్తారని వేరే చెప్పక్కర్లేదు.

తర్వాతి దారి సులువుగా సాగలేదు. 1970లో ఒక రచనా శిబిరానికి వెళ్ళాక రెండు కథలు అమ్ముడయ్యాయి. ఆ తర్వాత ఐదేళ్ళు ఒక్కటీ అమ్ముడుపోలేదు. గిన్నెలు కడిగింది, చిప్స్ ఫ్యాక్టరీలో పనిచేసింది, తెల్లవారుజామున రెండింటికి లేచి రాసుకుంది. మొదటి నవల 1976లో వచ్చింది. 1979లో వచ్చిన 'కిండ్రెడ్' ఆమె పేరును నిలబెట్టింది. మన కాలపు నల్లజాతి స్త్రీ ఒకామె బానిసత్వం రోజుల మేరీలాండ్‌కు లాగబడి, అక్కడ బతికి బయటపడడానికి ఎన్నెన్ని దిగమింగాలో తెలుసుకునే కథ అది. వెనక గుమ్మంలోంచి వెళ్ళే తల్లిని చూసి చిన్నప్పుడు సిగ్గుపడిన కూతురే, ఆ తలవంపు వల్లనే తన కంచంలోకి అన్నం వచ్చిందని పెద్దయ్యాక గ్రహించింది. తల్లి తెచ్చిన పుస్తకాలు చదివి ఎదిగిన మనిషి చివరికి తల్లి బతుకునే అర్థం చేసుకుని రాసింది.

1995లో అమెరికాలో ప్రతిభావంతులకు ఇచ్చే మెకార్థర్ ఫెలోషిప్ ఆమెకు దక్కింది. సైన్స్ ఫిక్షన్ రచయితల్లో దాన్ని అందుకున్న మొదటి వ్యక్తి ఆమే. 2006లో ఆమె కన్నుమూసింది. 2021లో పర్సెవరెన్స్ రోవర్ అంగారకుడి మీద దిగిన చోటుకు నాసా ఆక్టేవియా బట్లర్ పేరు పెట్టింది.

మీ పిల్లలంతా రచయితలు కావాలని నేను చెప్పడం లేదు. చాలామంది కారు. అయినా సొంత మాటల్లో తన మనసు చెప్పుకోగల బిడ్డ ఏ వృత్తిలోనైనా నిలదొక్కుకుంటుంది. దానికోసం మీరు చేయవలసింది కొద్దే. పిల్లలు రాసింది చూపిస్తే ముందు కథ వినండి, అక్షరదోషాలు మరోరోజు దిద్దవచ్చు. చూపించకపోతే నోటుబుక్కు తెరవకండి. అడక్కుండా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. బహుమతి ఎప్పుడొస్తుందని అడగకండి. కొన్నిచ్చిన పుస్తకం సగంలో వదిలేస్తే డబ్బు దండగైందని సాధించకండి. ఆ పాసడీనా తల్లికి ఉన్నదానికంటే మనలో చాలామందికి ఎక్కువే ఉంది. పిల్లలకు పుస్తకమివ్వండి, ఖాళీ సమయమివ్వండి, లెక్క అడగకండి.