పనిబట్టలతో ఇల్లు చేరు విషము

పాదరసము గది వేడిమికే ఆవిరియగును. ఆ యావిరికి రంగు లేదు, వాసన లేదు. పీల్చినవారి నరములను, మూత్రపిండములను అది చెఱచును; ఎదుగుచున్న పిల్లల మెదడునకు మఱింత కీడు. పూసలవలె దొర్లిపోవు ఈ లోహము బట్టల కుట్లలోను, చెప్పుల అడుగునను దాగి, పనివానితో కూడ ఇంటికి రాగలదని తలిదండ్రులలో పెక్కురు ఎఱుగరు.

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమున ఒక థర్మామీటర్ల కర్మాగారపు కార్మికుల పిల్లలను పరీక్షింపగా, వారి మూత్రములో పాదరసము ఇతర పిల్లల కంటె సుమారు అయిదు రెట్లు కనబడినదని 1987లో ప్రకటించిరి. పనిచేసినది తండ్రియో, తల్లియో. విషము చేరినది బిడ్డకు.

ఇట్టి కర్మాగారమే యొకటి 1980 దశకమున అమెరికా నుండి కొడైకెనాలునకు తరలివచ్చినది. 2001లో పాదరస మంటిన గాజుముక్కలు టన్నులకొలది ఊరిలోని పాతసామాను దుకాణమున బయటపడగా అది మూతపడినది. 2003లో సుమారు 290 టన్నుల వ్యర్థమును ఓడపై అమెరికాకు పంపిరి. 591 మంది మాజీ కార్మికులతో ఒప్పందము కుదురుటకు మాత్రము 2016 రావలసివచ్చినది. పాతసామాను ఏరువానికి చేతితొడుగు లెవ్వరిత్తురు? ఈ ప్రశ్న మమ్ము వదలదు.

విషము నిండిన నేలను శుభ్రపఱచు పని కర్మాగారపు పనికంటె సులభమని తలచుట పొరపాటు. త్రవ్విన కొలది అణగియున్న విషము పైకి లేచును. అమెరికాలో ఇట్టి కార్మికులకై 1989లో ఖరారైన నిబంధనల ప్రకారము 40 గంటల శిక్షణయు, ఆపై మూడు దినములు అనుభవజ్ఞుని కనుసన్నలలో పనియు ఉండవలెను. స్థలమును మూడు మండలములుగా విభజింతురు: విషమండలము, నడుమ శుద్ధిమండలము, వెలుపల శుభ్రమండలము. మడిబట్ట ముట్టరాదని ఎఱిగిన మన ఇండ్లవారికి ఈ గీత క్రొత్త కాదు. అయితే ఇచ్చటి మైల పుట్టుకను బట్టి రాదు, పరికరముతో కొలువ వీలైనది.

లోనికి పోవుట కంటె వెలికి వచ్చుటయే కష్టము. మొదట బూట్లును, పై చేతితొడుగులును కడుగవలెను. పిమ్మట పైదుస్తును లోపలివైపు వెలికి తిరుగునట్లు చుట్టుచు విప్పవలెను. గాలిని వడగట్టు మాస్కును తొందరపడి తీసినవాడు తన బట్టల నుండి లేచు విషమునే పీల్చును. లోపలి చేతితొడుగులు అన్నిటికంటె చివర. ఆపైన స్నానము. కడిగిన నీరును విషమే. దానిని కాలువలోనికి విడువక పీపాలలో పట్టవలెను.

ఆ దుస్తులు చెమటను ఆఱనీయవు. మన ఎండలలో వడదెబ్బ విషము కంటె ముందుగా మనిషిని పడగొట్టగలదు. కావున ఇద్దరిద్దరుగా పనిచేయుచు ఒకరినొకరు కనిపెట్టుకొనవలెను, తఱచు విశ్రమింపవలెను. దప్పిక యైనను, బీడీ కాల్చ బుద్ధియైనను, గీత దాటి కడుగుకొనిన పిమ్మటనే.

కార్మికులు కడుగుకొనుటకు వసతిని గూర్చియు, పనివేళ ధరింపని బట్టలుంచు చోటును గూర్చియు 1948 నాటి కర్మాగారముల చట్టముననే నియమము లుండెను. కావున రసాయనములతోనో, బ్యాటరీ సీసముతోనో పనిచేయు తలిదండ్రులు అట్టి వసతిని అడుగుటకు సంకోచింపనక్కఱలేదు. అది దొరకనిచోట పనిబట్టలను గడప వెలుపలనే విడిచి, ఇంటి బట్టలతో కలుపక ఉతుకవలెను. బిడ్డ నెత్తుకొనుట స్నానము పిమ్మటనే. పాదరస మంటిన బట్టను ఉతుకుటయు వలదు; సంచిలో మూతిగట్టి కర్మాగారమునకే తిరిగి పంపవలెను.