స్థిరాస్తి – సహనం

భూమిని నమ్ముకున్నవారు చెడరన్న విశ్వాసం మన సమాజంలో బలంగా పాతుకొనిపోయింది. జీవితకాలం కూడబెట్టిన సొమ్మును చిన్న ఇంటిస్థలంగా మార్చుకోవాలని సామాన్య కుటుంబాలు ఆశిస్తాయి. ఆ సొమ్ము ఒక్క సంతకంతో చేయి దాటిపోతుంది. అందువల్ల స్థిరాస్తి కొనదలచినవారికి ధనంతోపాటు సహనమూ అవసరం. కొనడానికి ముందు విచారణ, కొన్న తరువాత నిరీక్షణ అని ఈ సహనం రెండు విధాలు.

భారవి రచించిన 'కిరాతార్జునీయం' ద్వితీయ సర్గలో, వెంటనే యుద్ధానికి పూనుకోవాలన్న భీముణ్ణి ధర్మరాజు వారిస్తాడు. తగిన కాలం వచ్చేదాకా ఆలోచనతో మెలగాలన్నదే ఆయన అభిమతం. స్థలం కొనేవారికీ ఈ నీతి వర్తిస్తుంది. "నేడే బయానా ఇవ్వండి, రేపటికి ధర పెరుగుతుంది" అన్న మాటకు లొంగినవారు పత్రాలు చూడకుండానే సొమ్ము చెల్లిస్తారు. అమ్మేవానికి హక్కు ఎలా సంక్రమించిందో మూలపత్రాలు తెలుపుతాయి. ఆ ఆస్తిపై నమోదైన తనఖాలు, విక్రయాలు ఈసీలో కనిపిస్తాయి. ఆ స్థలం చెరువు శిఖం భూమా, అసైన్డ్ భూమా, నిషేధిత జాబితాలో ఉన్నదా అనేది విచారించాలి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన కొత్త లేఅవుట్‌ను నమోదు చేయించిన తరువాతనే ప్లాట్లు అమ్మాలి. ఈ పరిశీలనకు పట్టే కొద్ది వారాలు వృథా కావు.

ఇక నిరీక్షణ. హైదరాబాద్ శివారు కోకాపేటలో 2006లో హుడా నిర్వహించిన వేలంలో ఎకరా 14 కోట్ల రూపాయలకు పైగా పలికింది. 2008 నాటి ఆర్థికమాంద్యంతో భూముల వ్యాపారం మందగించింది. 2023 ఆగస్టులో అదే కోకాపేటలో ఎకరా గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. స్థలాలు వేరైనా, పదిహేడేళ్ళలో గరిష్ఠ ధర ఏడు రెట్లయిందన్నమాట. ఈ వృద్ధి అద్భుతంగా తోస్తుంది. కాని చక్రవడ్డీతో లెక్కిస్తే ఏటా సుమారు 12 శాతమే. అంటే వాడుకలో 'రూపాయి వడ్డీ'. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, వడ్డీని అసలులో కలుపుతూ నోటు తిరగరాసినవాడు ఇంతటి వృద్ధిలోనూ నష్టపోక తప్పదు.

పైగా ప్రతి ఊరూ కోకాపేట కాదు. రహదారి, ఉపాధి, నీటివసతి చేరని చోట ఎంత కాలం వేచినా ధర పెరగకపోవచ్చు. అట్టి స్థలాన్ని పట్టుకొని వేలాడడం మొండితనమే అవుతుంది. పిల్లల చదువుకూ, వైద్యానికీ ఉంచుకోవలసిన సొమ్మును భూమిలో పోసినవాడు అవసరం తోసుకువచ్చిన నాడు అయినకాడికి అమ్ముకుంటాడు. కనుక సహనం స్వభావంవల్ల మాత్రమే అలవడేది కాదు, ముందుచూపువల్ల సమకూరేది. అప్పు లేనివాడూ, అక్కరకు వేరే సొమ్ము ఉన్నవాడూ మాత్రమే కాలం కోసం నిశ్చింతగా వేచి ఉండగలడు.

కఠిన పదాలకు అర్థాలు
స్థిరాస్తి: భూమి, ఇల్లు వంటి కదలని ఆస్తి
బయానా: బేరం కుదిరినప్పుడు ముందుగా ఇచ్చే సొమ్ము
శిఖం భూమి: చెరువు నీరు నిలిచే భూమి
అభిమతం: అభిప్రాయం

ప్రశ్నలు
1. స్థలం కొనడానికి ముందు విచారించవలసిన అంశాలు ఏవి?
2. సహనానికీ మొండితనానికీ గల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.