ముఖం ఒకటి, గుమ్మాలు మూడు

ప్రశ్న: నాగోల్ దగ్గర మాకు 300 గజాల తూర్పు ముఖం స్థలం ఉంది. రోడ్డు వైపు 45 అడుగులు, లోతు 60. కింద రెండు పోర్షన్లు అద్దెకిచ్చి, పై రెండంతస్తుల్లో డూప్లెక్సుగా మేం ఉండాలని ఆలోచన. మా వారికి కోఠీ రెసిడెన్సీ లాంటి స్తంభాల ముఖం అంటే ప్రాణం. అద్దెలిచ్చే ఇంటికి ఆ సోకులన్నీ దండగ అని మేస్త్రి అంటున్నాడు. ముందు ఇల్లు కట్టేసి, తర్వాత అచ్చు స్తంభాలు అతికించుకుంటే సరిపోతుందని మా అబ్బాయి మాట. కుడీ ఎడమా ఒకేలా ఉంటే వంటగది వాస్తుకి కుదరదని ఇంకొకరన్నారు. ఎవరి మాట వినాలి?
- ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: మీ మేస్త్రి మాటలో సగం నిజముంది. అతికించే సోకులు దండగే. కానీ మీ వారికి నచ్చింది సోకు కాదు. కోఠీ రెసిడెన్సీ ముందు నిలబడితే కంటికి ఆనేవి ఆరు పెద్ద కొరింథియన్ స్తంభాలు. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో, జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న కాలంలో, ఇంజనీరు శామ్యూల్ రస్సెల్ చేతిమీదుగా లేచిన కట్టడం అది. ఆ స్తంభాలు పాలరాతివి కావు, ఇటుక కట్టి సున్నపు గచ్చు పూసినవి. అంటే ఆ అందం ఖరీదైన రాయిలో లేదు. ఆరు స్తంభాల మధ్య అయిదు ఖాళీలు లెక్క తప్పకుండా పడడంలో ఉంది. ఆ ఖాళీకి మన ఇళ్లు కట్టేవాళ్ల భాషలో చక్కటి మాట ఉంది: అంకణం. పాతకాలం పల్లెల్లో ఇల్లు ఎంతదని అడిగితే చదరపుటడుగులు చెప్పేవారు కాదు, ఇన్ని అంకణాల ఇల్లని చెప్పేవారు. దూలానికీ దూలానికీ మధ్య దూరం ముందు తేల్చుకుని, ఇంటినంతా ఆ కొలతతో నడిపించేవారు. ఇలాంటి స్తంభాల ముఖమున్న నియో క్లాసికల్ ఇల్లంటే మొదట అర్థం చేసుకోవలసింది ఈ క్రమాన్నే. అద్దె పోర్షన్లున్న ఇంటికి ఈ క్రమం మామూలు ఇంటికన్నా ఎక్కువ అవసరమని నా వాదన.

అద్దెకూ ఈ శైలికీ పొసగదన్నది మనం అనవసరంగా పెట్టుకున్న అనుమానం. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపేయీ నగరంలో ‘పాన్సా ఇల్లు’ అని పిలిచే పెద్ద లోగిలి బయటపడింది. నడుమ పెద్దింటి వసారాలు, తోట. వాటి చుట్టూ వీధివైపు దుకాణాలు, పైగదులు, చిన్న వాటాలు. ఆ గోడ మీద రంగుతో రాసిన అద్దె ప్రకటన కూడా దొరికింది. జులై 1 నుంచి దుకాణాలూ పై వాటాలూ ఇల్లూ అద్దెకు ఇస్తామని, కావలసినవాళ్లు యజమాని దగ్గరి ప్రైమస్ అనే బానిసను కలవాలని దాని సారాంశం. ఏ రోమను ఇళ్లను చూసి యూరపు వాళ్లు ఈ శైలిని మళ్లీ బతికించుకున్నారో, ఆ ఇళ్లలోనూ అద్దె వాటాలుండేవి. ఇంగ్లండులోని బాత్ పట్టణంలో జాన్ వుడ్ కొడుకు 1767లో మొదలుపెట్టిన రాయల్ క్రెసెంట్ ఇంకా దగ్గరి ఉదాహరణ. చూడడానికి అర్ధచంద్రాకారంలో ఒకే రాజభవనం, వరసగా 114 అయోనిక్ స్తంభాలు. నిజానికి అది 30 ఇళ్లు. ముఖం మట్టుకు అందరికీ ఒక్కటే. కొనుక్కున్నవాళ్లు తమ వంతు ముఖం వెనకాల గదులు తమకు కావలసినట్టు కట్టించుకున్నారు.

వాస్తు గురించి వచ్చిన ఇబ్బందికి జవాబు కూడా ఇందులోనే ఉంది. సమతూకం ముఖానికి కావాలి గాని గదులకు అక్కర్లేదు. రెండు పోర్షన్లను అద్దంలో బింబంలా ఎదురెదురుగా తిప్పితే ఒక వంటగది ఆగ్నేయంలో, ఇంకోటి ఈశాన్యంలో పడుతుంది. అభ్యంతరం అక్కడ వస్తోంది. తిప్పకండి. గుమ్మం చోటు తప్ప రెండు పోర్షన్లకూ ఒకే ప్లాను పక్కపక్కన వేయండి, దేని ఆగ్నేయంలో దానికి వంటిల్లు వస్తుంది. బయట కిటికీల వరస మాత్రం చెదరకూడదు. వాస్తును మీరు ఎంతవరకు పాటిస్తారన్నది మీ ఇష్టం, కానీ అద్దెకు వచ్చేవాళ్లలో చాలామంది మొదట గుమ్మం ఏ దిక్కో అడుగుతారు. ఈ కారణంతో పోర్షను ఖాళీగా ఉండిపోతే ఆ నష్టం మీది.

ఇప్పుడు మీ స్థలానికి వద్దాం. రెండు పక్కలా సెట్‌బ్యాక్ వదిలాక వెడల్పు 35 అడుగులు మిగిలిందనుకోండి. ఒక్కొక్కటి 7 అడుగుల చొప్పున అయిదు అంకణాలు. ముందుభాగమంతా వరండా. నడిమి అంకణంలో పెద్ద గుమ్మం, అది నేరుగా మెట్ల హాలులోకి, అక్కణ్నించి పైన మీ ఇంటికి. రెండో అంకణంలో ఒక పోర్షను గుమ్మం, నాలుగో అంకణంలో రెండో పోర్షను గుమ్మం. ఒకటి, అయిదు అంకణాల్లో కిటికీలు. మూడు గుమ్మాలూ తూర్పు ముఖమే! ముఖం చెదరదు, ఒకరి గుమ్మం ముందునుంచి ఇంకొకరు నడిచి వెళ్లనక్కర్లేదు. ఎండావానల్లో వరండా కాచుకుంటుంది, సాయంత్రం పూట పాతకాలపు అరుగులా పనికొస్తుంది. ఒక్కో పోర్షను వెడల్పు 14 అడుగులే కాబట్టి వెలుతురంతా పక్క సెట్‌బ్యాక్ వైపునుంచి రావాలి, అక్కడ కిటికీల్లో పిసినారితనం చేయకండి. మనవాళ్లు అలవాటుగా పెట్టే 4 అడుగుల చదరపు కిటికీ బదులు 3 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు పెట్టండి. వైశాల్యంలో తేడా ఒక చదరపుటడుగే గాని ఇల్లు నిటారుగా, గంభీరంగా కనిపిస్తుంది. అద్దెకున్నవాళ్ల కిటికీ, మీ కిటికీ ఒకే కుటుంబానివిగా ఉండాలి. కింద రేకు తలుపులు, పైన టేకు తలుపులు పెట్టిన ఇల్లు రోడ్డు మీది నుంచే రెండుగా చీలిపోతుంది.

మీ అబ్బాయి చెప్పిన అతికింపు గురించి గట్టిగానే హెచ్చరించాలి. స్తంభం మందానికీ ఎత్తుకీ లెక్క ఉంది. 16వ శతాబ్దపు ఇటలీలో విన్యోలా అనే వాస్తుశిల్పి స్థిరపరచిన కొలతల ప్రకారం స్తంభం ఎత్తు దాని అడుగుభాగపు వ్యాసానికి టస్కన్ తీరులో 7 రెట్లు, డోరిక్‌లో 8, అయోనిక్‌లో 9, కొరింథియన్‌లో 10. మన దగ్గర జరుగుతున్నదేమిటంటే, స్లాబు కోసం పోసిన 9 అంగుళాల పిల్లరుకు అచ్చు చుట్టి 12 అంగుళాల గుండ్రటి స్తంభం చేసి, దాన్ని రెండంతస్తులు, 21 అడుగులు లేపుతున్నారు. అంటే 21 రెట్లు. తలమీద ఎన్ని ఆకులూ లతలూ పెట్టినా అది పందిరి గుంజలానే కనిపిస్తుంది. ఆ ఎత్తుకు కొరింథియన్ కావాలంటే 25 అంగుళాల మందం ఉండాలి, మీ స్థలంలో అది వరండాను మింగేస్తుంది. వరండాకు ఒక్క అంతస్తు ఎత్తే, 10 అడుగుల టస్కన్ స్తంభాలు చాలు. మందం 17 అంగుళాలొస్తుంది, చెక్కుడు పని దాదాపు ఉండదు. పై అంతస్తుల్లో గోడ నుంచి నాలుగంగుళాలు ముందుకొచ్చే చదును పట్టీలు, కింది స్తంభాలకు తిన్నగా పైన. అంకణాలు పైకీ కిందకీ ఒకే వరసలో ఉంటే దూలాల బరువు నేరుగా పునాదికి దిగుతుంది, అడ్డదిడ్డంగా మోసే పెద్ద దూలాలు తప్పుతాయి. ఖర్చు పెరుగుతుందనే మేస్త్రి అభ్యంతరానికి ఇదీ ఒక సమాధానం.

ఖర్చు పెట్టవలసిన చోటు వేరే ఉంది, అది నీళ్ల దగ్గర. కార్నిసు అనేది అలంకారంగా పుట్టింది కాదు, వాన నీటిని గోడకు దూరంగా విసిరే అంచు. దాని అడుగున వేలెడంత గాడి కొట్టకపోతే నీరు వెనక్కి పాకి గోడ పట్టుకుని దిగుతుంది. రెండు వానాకాలాలు గడిచిన తెల్ల రంగు ఇంటిని చూడండి: కిటికీ దిమ్మెల రెండు కొసల నుంచి కన్నీటి చారల్లా నల్లటి గీతలు. బయట ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పని ఎంత చవకగా వచ్చినా ఒప్పుకోకండి, వానకు నిలవదు. ముఖం పాడుచేసే ఇంకో శత్రువు, తర్వాత తగిలించేవి. మూడు కరెంటు మీటర్లు, ఏసీ బయటి డబ్బాలు, డ్రైనేజీ గొట్టాలు, బట్టల దండెం. సొంత ఇల్లయితే వీటిని ఎలాగో సర్దుకుంటారు. అద్దెకొచ్చినవాళ్లు వాళ్ల అవసరం వచ్చిన రోజు గోడకు కన్నం పెడతారు. తప్పు వాళ్లది కాదు, చోటు చూపించని ఇంటిది. మీటర్లకు గేటు పక్కన గూడు, పక్క గోడల్లో ఏసీకి దిమ్మె, దాని నీళ్లకు గొట్టం, వెనక సెట్‌బ్యాక్‌లో దండేలకు కొక్కేలు ప్లాను మీదే గీయించండి. నీళ్ల ట్యాంకులు రోడ్డుకు కనబడనంత వెనక్కి జరిపి పిట్టగోడ కాస్త ఎత్తు చేస్తే చాలు.

డూప్లెక్సు గురించి మీరు అడగకపోయినా ఒక మాట. ఇంట్లో విడిగా మెట్లు పెట్టకండి. నడిమి మెట్ల హాలునే వెడల్పుగా, అందంగా కట్టి, రెండో అంతస్తుకు కూడా అదే దారి చేయండి. ఇప్పుడు రెండో అంతస్తు తలుపు తీసి ఉంచితే అది డూప్లెక్సే, పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోయాక తలుపు వేస్తే మూడో వాటా. లండన్‌లో పద్దెనిమిదో శతాబ్దపు వరస ఇళ్లు తర్వాత అంతస్తుకో వాటాగా మారిపోగలిగింది మెట్లు గదుల మధ్య ఇరుక్కోకుండా విడిగా ఉండబట్టే. మెట్లెక్కే అలికిడి కింది పోర్షన్లకు వినిపించకుండా మెట్ల హాలు గోడలు 9 అంగుళాలకు తగ్గనివ్వకండి. పార్కింగు కోసం మునిసిపాలిటీ లెక్కల్లో స్టిల్ట్ తప్పకపోతే పోర్షన్లు ఒక అంతస్తు పైకి జరుగుతాయి. అప్పుడు స్టిల్ట్‌ను సన్నటి కాళ్ల మీద వదిలేయకుండా, అంకణానికో కమాను పెట్టి, పెద్ద రాళ్లు పేర్చినట్టు లోతైన గీతలతో గచ్చు చేయించండి. ఇటలీ భవంతుల్లో బళ్లూ సరుకూ ఉండే కింది అంతస్తుకు సరిగ్గా అదే చేశారు.

ప్రశ్న: మాది 120 గజాలే, ముఖం 20 అడుగులు. కింద మేం, పైన అద్దె. మాకు ఈ శైలి అందనిదేనా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అందుతుంది, స్తంభాలు లేకుండా. లండన్ వరస ఇళ్లలో ఎక్కువ భాగం మూడు అంకణాలవే, చాలావాటికి ముఖం మీద ఒక్క స్తంభమూ ఉండదు. కిటికీలు ఒకదానిమీద ఒకటి తిన్నగా పడడం, అంతస్తు పైకి పోయేకొద్దీ వాటి ఎత్తు తగ్గడం, గుమ్మం చుట్టూ ఒక మంచి ద్వారబంధం, పైన కార్నిసు, అంతే. మీరూ మూడు అంకణాలు చేయండి. ఒక చివర అంకణం మెట్లకు ఇచ్చేయండి, పైవాళ్లు రోడ్డునుంచి నేరుగా ఎక్కుతారు. మిగతా రెండు మీవి. గుమ్మం నడిమధ్య లేదని దిగులు పడకండి, ఆ ఇళ్లలోనూ అది పక్క అంకణంలోనే ఉంటుంది. రెండు గుమ్మాలు పెట్టవలసి వస్తే మెట్ల గుమ్మాన్ని మీ గుమ్మం కన్నా చిన్నది చేయకండి, రెంటికీ ఒకే ఎత్తు, ఒకే చెక్క. పై బాల్కనీ రోడ్డు మీదికి తోసుకురాకుండా, గోడ లోపలికి ఒదిగేలా మూడడుగులు వెనక్కి కట్టించండి.