నల్ల పొగ, తగ్గిన పికప్: డీజిల్ ఇంజిన్‌లో లోపం ఎక్కడ?

సూరత్ తూర్పు భాగంలో, బార్డోలి వెళ్లే రోడ్డు మీద ఉంది పర్వత్ పాటియా. వస్త్ర మార్కెట్లకు దగ్గరగా ఉన్న ఈ వైపున, పక్కనే ఉన్న లింబాయత్‌లో, తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. చీరల మూటలు, గుడ్డ తాన్లు మోసే టెంపోలు, లారీలు ఇక్కడ రోజంతా తిరుగుతుంటాయి. నిండు లోడుతో ఫ్లైఓవర్ ఎక్కే బండి నల్లటి పొగ వదులుతూ మొరాయిస్తే, "బండి లాగడం లేదు" అంటాడు డ్రైవరు. "పంపు కాస్త పెంచుదాం" అనే సలహా వెంటనే వస్తుంది. పంపు పెంచడమంటే స్క్రూ తిప్పి సిలిండర్‌లోకి మరింత డీజిల్ పంపడం. ఊపిరాడని మనిషికి ఇంకో ముద్ద తినిపించడం లాంటిదే ఇది.

నల్ల పొగ ఎలా పుడుతుంది?

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కినప్పుడు దాని ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అందులోకి ఇంజెక్టర్ డీజిల్‌ను సన్నని తుంపరగా చల్లగానే అది అంటుకుంటుంది. తుంపర అంచున ఆక్సిజన్ దొరుకుతుంది కానీ, మధ్య భాగానికి సరిగా అందదు. ఆ వేడిలో అక్కడి ఇంధనం విడిపోయి కార్బన్ రేణువులుగా, అంటే మసిగా మారుతుంది. తర్వాత తగినంత ఆక్సిజన్ కలిస్తే ఈ మసిలో ఎక్కువ భాగం సిలిండర్‌లోనే కాలిపోతుంది. కలవకపోతే సైలెన్సర్ నుంచి బయటికి వస్తుంది.

కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే దాదాపు 14.5 కిలోల గాలి కావాలి. అంటే ఒక లీటరు డీజిల్‌కు సుమారు 10 వేల లీటర్ల గాలి. మసి లేకుండా మండాలంటే ఇంతకన్నా ఎక్కువే ఉండాలి. గాలి తగ్గితే మంట సగంలో ఆగుతుంది, శక్తి పడిపోతుంది. డ్రైవరు యాక్సిలరేటర్ ఇంకా తొక్కుతాడు, డీజిల్ ఇంకా పెరుగుతుంది, పొగ మరింత నల్లబడుతుంది. పొగ, పికప్ తగ్గడం రెండూ ఒకే లోపానికి రెండు గుర్తులు.

ముందు గాలి దారి

అందుకే వెతుకులాట ఖర్చు తక్కువైన చోట, గాలి లోపలికి వచ్చే దారిలో మొదలుపెట్టాలి.

మొదటిది ఎయిర్ ఫిల్టర్. దుమ్ము, నూలు పీచు ఎగిరే చోట తిరిగే బండికి మాన్యువల్‌లో చెప్పిన గడువు కంటే ముందే అది మూసుకుపోవచ్చు. ఫిల్టర్ తీసేసి నడపడం మాత్రం పరిష్కారం కాదు. దుమ్ము సిలిండర్ గోడలను అరగదీస్తుంది.

రెండోది టర్బోచార్జర్ నుంచి ఇంటర్‌కూలర్ మీదుగా ఇంజిన్‌కు వెళ్లే హోస్ పైపులు. చీలిక ఉన్నా, క్లిప్పు వదులైనా నొక్కిన గాలి బయటికి పోతుంది. లోడు పడినప్పుడు 'స్‌స్' మనే శబ్దం, అతుకు దగ్గర నూనె తడి దీనికి ఆనవాళ్లు.

మూడోది ఈజీఆర్ వాల్వ్. వాడేసిన పొగలో కొంత భాగాన్ని తిరిగి సిలిండర్‌కు పంపేది ఇదే. మసి పేరుకుని తెరుచుకునే ఉండిపోతే తాజా గాలి చోటును పొగ ఆక్రమిస్తుంది.

గాలి దారి బాగుంటే ఇంధనం వైపు రావాలి. నాజిల్ అరిగిన ఇంజెక్టర్ సన్నని తుంపరకు బదులు చుక్కలు కారుస్తుంది. పెద్ద చుక్క మండేలోపే సమయం అయిపోతుంది. దీన్ని టెస్ట్ బెంచ్ మీద పరీక్షించాలి. ఇంజెక్షన్ ఆలస్యమైనా, కంప్రెషన్ తగ్గినా ఫలితం ఇలాగే ఉంటుంది. కామన్ రైల్ ఇంజిన్‌లో పీడనం వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లు దాటుతుంది. లీకును చేత్తో తడిమితే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

పొగ లేకుండానే శక్తి తగ్గితే డీజిల్ ఫిల్టర్‌ను అనుమానించాలి. అక్కడ కొరత ఇంధనానిది. నీలం పొగ ఇంజిన్ ఆయిల్ మండుతోందని చెబుతుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే, మండని డీజిల్ ఆవిరో, కూలెంట్ ఆవిరో కావచ్చు.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్–6 డీజిల్ బళ్లలో సాధారణంగా మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అలాంటి బండి నల్ల పొగ వదిలితే ఆ ఫిల్టర్ పగిలిందో, ఎవరైనా తీసేశారో చూడాలి.

పరీక్ష పాసైతే చాలా?

పీయూసీ కేంద్రంలో పొగ గుండా కాంతి ఎంత తగ్గుతుందో కొలుస్తారు. బీఎస్–4 కంటే పాత బళ్లకు పరిమితి మీటరుకు 2.45, బీఎస్–4 బళ్లకు 1.62. ఈ కొలత నిలిపిన బండిలో, లోడు లేకుండా యాక్సిలరేటర్ తొక్కి తీస్తారు. కాబట్టి సర్టిఫికెట్ ఉన్న బండి కూడా మూటలతో ఎత్తు ఎక్కేటప్పుడు పొగ కక్కవచ్చు.

ఆ పొగ పీల్చేది మార్కెట్ దగ్గర నిలబడి లోడు ఎత్తే హమాలీలు, రోడ్డు పక్క బళ్లవాళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. పంపు పెంచితే వాళ్లు పీల్చే మసి పెరుగుతుంది. ఎగ్జాస్ట్ వేడి పెరిగి పిస్టన్లు, టర్బో కూడా దెబ్బతింటాయి.

మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు మూడు సంగతులు చెప్పండి: పొగ లోడులోనే వస్తుందా, ఎప్పుడూ వస్తుందా, పికప్ ఒక్కసారిగా తగ్గిందా, మెల్లగానా, ఎయిర్ ఫిల్టర్ చివరిసారి ఎప్పుడు మార్చారు. ఒక్కసారిగా తగ్గితే హోస్ పైపు ఊడి ఉండవచ్చు. మెల్లగా తగ్గితే ఫిల్టరో, ఇంజెక్టరో కావచ్చు. పంపు స్క్రూ జోలికి వెళ్లే ముందు ఈ జవాబులు వినమనండి.