మేడ మెట్ల దాకా వెంటపడకు

నరసరావుపేట

చిట్టితల్లికి పెద్దమ్మ దీవించి రాసేది.

శివరాత్రికి మీరిద్దరూ వచ్చినప్పుడు మీ గొడవ చూశాను. కోటప్పకొండ తిరునాళ్ల నుంచి వచ్చి అన్నాలు తింటుంటే, అప్పు సంగతి నాకెందుకు చెప్పలేదని నువ్వు అల్లుణ్ణి అడిగావు. అతను సగం అన్నంలో చెయ్యి కడుక్కుని మేడెక్కాడు. నువ్వు మెట్ల దాకా వెంటపడ్డావు. నువ్వు గొంతు పెంచేకొద్దీ అతను ఉలకడు, పలకడు. "నేనంటే లెక్కలేదు పెద్దమ్మా" అని ఆ రాత్రి ఏడ్చావు.

లెక్కలేక కాదమ్మా. అతన్ని ఆరో తరగతికే హాస్టల్లో వేశారు. మిరపకాయలు అమ్మిన డబ్బు తెచ్చి హాస్టలు ఫీజు కట్టిన ఇళ్లు మన పల్నాడులో ఎన్ని లేవు! ఆదివారం ఫోన్లో ఏడిస్తే, "ఏడ్చావంటే వచ్చేవారం రాం" అనేవారట. మీ అత్తగారే చెప్పారు. బాధ బయటపెడితే అయినవాళ్లు రారని ఆ పసివాడికి అప్పుడే మనసులో నాటుకుంది. ఇక నీ సంగతి. మీ నాన్న గుంటూరు మిర్చి యార్డు, అప్పులవాళ్లు అంటూ తిరిగేవాడు. ఇంట్లో ఉన్నా నాలుగుసార్లు పిలిచి, ఐదోసారి అరిస్తేనే తలెత్తేవాడు. అందుకే ఎదుటి మనిషి పలక్కపోతే నీకు ప్రాణం పోతుంది. అరుపు వినపడితే అతనికి పోతుంది.

ఇలాంటి తీరు గురించే మేరీ ఐన్స్‌వర్త్ అని ఒక మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో ఏడాది పిల్లల్ని పరిశీలించింది. తల్లి కాసేపు బయటికెళ్లి తిరిగొస్తే, కొందరు ఎత్తుకున్నా ఏడుపు ఆపలేదు. కొందరు తల్లివంక చూడకుండా బొమ్మలతో ఆడుకున్నారు. అలా ఆడుకునే పిల్లల గుండె కూడా దడదడలాడుతూనే ఉందని తర్వాత వేరేవాళ్లు కొలిచి చూశారు. పెద్దయ్యాక ప్రేమల్లోనూ ఇదే వరస కనిపిస్తుందని 1987లో హేజన్, షేవర్ అనే ఇద్దరు పరిశోధకులు రాశారు. మెట్ల దాకా వెంటపడ్డ నువ్వు ఆ ఏడుపు ఆపని బిడ్డవి, మేడ మీద కూర్చున్న మీ ఆయన ఆ బొమ్మలాడే బిడ్డ. అయితే ఇది తలరాతేం కాదు. నమ్మకమైన తోడు దొరికితే మారినవాళ్లున్నారు.

ఈసారి అతను మేడెక్కితే ఓ అరగంట వదిలెయ్. అతను మాత్రం "తొమ్మిదింటికి వస్తా, మాట్లాడుకుందాం" అని చెప్పి వెళ్లాలి, అన్న టైముకి దిగాలి. ఆ మాట అతనికి నేను చెప్తాను. "నువ్వెప్పుడూ ఇంతే" అనకు. "అప్పు సంగతి బయటివాళ్ల నోట విని భయపడ్డాను" అను. అప్పు దాచడం తప్పే, హాస్టలు పేరు చెప్పి దాన్ని కొట్టిపారెయ్యకూడదు. చెయ్యి చేసుకునే మనిషైతే నీకీ ఉత్తరం రాసేదాన్నే కాదు, బస్సెక్కి వచ్చి నిన్ను తీసుకొచ్చేదాన్ని.

బాబునీ వచ్చే ఏడు హాస్టల్లో వేస్తారటగా. మీరిద్దరూ కూర్చుని ఆ మాట తేల్చుకునేదాకా అడ్వాన్సు కట్టొద్దు.

మీ పెద్దమ్మ