పానకం: గడప లోపల ఆచారం, గడప దాటితే చట్టం
తరచూ అడిగే ప్రశ్నలు

శ్రీరామనవమి దగ్గరపడేసరికి ఇళ్ళలోనూ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఏటా అవే సందేహాలు తిరుగుతుంటాయి. రుచి చూడకుండా తీపి సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? నల్లబెల్లం కొంటే తప్పా? పందిట్లో పంచాలంటే ఎవరినైనా అడగాలా? వీటిలో కొన్ని ఆచారానివి, కొన్ని ఆరోగ్యానివి, కొన్ని చట్టానివి. అన్నీ ఒకే గాటన కట్టేయడం వల్ల లేనిపోని భయాలు పెరుగుతాయి, నిజంగా భయపడాల్సినవి మరుగున పడతాయి. మీ ఇంట్లో చేసుకున్నంతసేపూ పానకం మీ ఇష్టం, మీ ఇంటి ఆనవాయితీ. ముక్కూమొహం తెలియనివాళ్ళ చేతికి గ్లాసు అందించారంటే మాత్రం చట్టం కూడా వచ్చి పక్కన నిలబడుతుంది.

ఇంట్లో, దేవుడి దగ్గర

ప్ర: పానకానికి కొలత ఏమిటి? ఏవి తప్పనిసరిగా ఉండాలి?

జ: బెల్లం, నీళ్ళు, మిరియాలు, యాలకులు ఉంటే పానకమే. శొంఠి చాలా ఇళ్ళలో వేస్తారు. తులసి, పచ్చకర్పూరం, నిమ్మరసం ఎవరి అలవాటు వారిది. లీటరు నీళ్ళకు 200 గ్రాముల బెల్లం, అర చెంచా మిరియాల పొడి, అర చెంచా శొంఠి పొడి, నాలుగైదు యాలకులు సరిపోతాయి. నీళ్ళు ముందే కాచి చల్లార్చుకుంటే మరీ మంచిది. పానకానికి మాత్రం పొయ్యితో పనిలేదు. దంచిన బెల్లం నీళ్ళలో వేసి మధ్యమధ్య కలుపుతుంటే అదే కరుగుతుంది.

అసలు పని వడకట్టడంలో ఉంది. టీ వడపోత చాలదు. పల్చటి నూలుగుడ్డ తడిపి పిండి, గిన్నె మూతికి పరిచి పొయ్యాలి. గుడ్డ మీద చెరకు పీచు, నల్లటి నలకలు, ఒక్కోసారి చచ్చిన చీమలు కనబడతాయి. గిన్నెను కాసేపు కదపకుండా ఉంచితే అడుగున సన్నటి ఇసుక పేరుకుంటుంది. ఆ అడుగు నీళ్ళు ఒకటి రెండు గరిటెలు వదిలేయండి. మిరియాలు, యాలకులు వడకట్టాకే కలపాలి. ముందే వేస్తే ఘాటంతా గుడ్డకే అంటుకుంటుంది.

ప్ర: నైవేద్యం పెట్టకముందు రుచి చూడకూడదంటారు. మరి తీపి, కారం ఎలా సరిచూసుకోవాలి?

జ: కొలత ఉన్నదే అందుకు. ఏటా ఒకే చెంబు, ఒకే గిన్నెతో కొలిచి చేస్తే రుచి చూడాల్సిన అవసరమే రాదు. బెల్లం తీపి ఒక్కో దిమ్మెకు ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి అనుమానం ఉంటే దేవుడి వాటా చిన్న గిన్నెలోకి ముందే తీసిపెట్టి, మిగతాదాన్ని రుచి చూసి సరిచేసుకోండి. చేసిందంతా దేవుడి ముందు పెట్టాలన్న నియమం లేదు. నివేదన అయ్యాక ఆ చిన్న గిన్నెలోది మిగతా పానకంలో కలిపేస్తే అంతా ప్రసాదమే.

ప్ర: మంగళగిరిలో స్వామి సగమే తాగుతాడంటారు. ఇంట్లోనూ సగం పక్కన పెట్టాలా?

జ: అక్కర్లేదు. అది ఆ క్షేత్రం విశేషం. కొండ మీద పానకాల నరసింహస్వామి నోట్లో అర్చకులు శంఖంతో పానకం పోస్తారు. గుటకలు వేస్తున్నట్టు చప్పుడు వినబడుతుంది, అది ఆగాక మిగిలింది భక్తుడికి ప్రసాదంగా తిరిగి ఇస్తారు. ఇంటి పూజలో గిన్నెడు పానకం ముందుంచి నివేదన చేస్తే చాలు. నవమికి దాని పక్కన వడపప్పు, చలిమిడి ఉండటం మామూలే.

ప్ర: పానకం ఎవరు కలపాలి? మడి కట్టుకోవాలా? నెలసరిలో ఉన్నవాళ్ళు చేయవచ్చా?

జ: ఇంటి పూజకు ఫలానావాళ్ళే కలపాలని ఏ చట్టమూ చెప్పదు. స్నానం చేసి, శుభ్రమైన బట్ట కట్టుకుని చేయడం దాదాపు అందరూ పాటించేదే. తడిబట్ట మడి కొన్ని ఇళ్ళలో ఉంది, చాలా ఇళ్ళలో లేదు. నెలసరి, పురుడు, మైల విషయాల్లో ఇంటింటికీ, కులానికీ, ప్రాంతానికీ పద్ధతి మారుతుంది. పాటించేవాళ్ళు ఆ ఏడాది ఇంట్లో మరొకరి చేత చేయిస్తారు, పట్టింపు లేనివాళ్ళు మామూలుగానే చేసుకుంటారు. ఒక ఇంటి పద్ధతిని ఇంకో ఇంటి మీద రుద్దే అధికారం అపార్ట్‌మెంట్ సంఘానికిగానీ ఇంటి ఓనరుకుగానీ మాత్రం లేదు.

ప్ర: ఇత్తడి బిందెలో, రాగి చెంబులో కలపవచ్చా?

జ: కళాయి చెక్కుచెదరకుండా ఉన్న ఇత్తడి గిన్నె అయితే సరే. కళాయి పోయిన ఇత్తడిలోనూ, ఉత్త రాగిలోనూ నిమ్మరసం పడితే లోహం పానకంలోకి దిగుతుంది. వికారం, వాంతులు అందుకే. స్టీలు గిన్నెలోనో, మట్టికుండలోనో కలపండి. దేవుడి ముందు పెట్టేటప్పుడు వెండి గిన్నెలోకి పోసుకోవచ్చు.

ప్ర: పచ్చకర్పూరం దొరకలేదు. హారతి కర్పూరం చిటికెడు వేయవచ్చా?

జ: వద్దు. ఇందులో రాజీ లేదు. హారతి బిళ్ళలు వెలిగించడానికి చేసినవి. కర్పూరం కడుపులోకి వెళితే పసిపిల్లలకు ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదకూ రావచ్చు. పచ్చకర్పూరం కొనేటప్పుడు తినదగినదని లేబుల్ మీద ఉందో లేదో చూసుకోవాలి. అది కూడా లీటరుకు ఆవగింజంత మించకూడదు. దొరక్కపోతే మానేయండి, పానకానికి లోటేమీ లేదు. రెండు డబ్బాలూ పూజగూట్లో పక్కపక్కన పెట్టకండి, హడావుడిలో చెయ్యి ఏదాని మీద పడుతుందో చెప్పలేం.

ప్ర: పొద్దున చేసింది సాయంత్రం దాకా ఉంటుందా?

జ: చైత్రం ఎండల్లో బెల్లం నీళ్ళు త్వరగా పులుస్తాయి. పైన సన్నటి బుడగలు, నురుగు, పుల్లటి వాసన వస్తే పారబోయాల్సిందే. బయట ఉంచితే మధ్యాహ్నంలోపే ముగించండి, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి ఆ రోజే తాగేయండి. ప్రసాదం కదా అని పాడైనదాన్ని తాగనక్కర్లేదు. ఎవరూ తొక్కని చోట చెట్టు మొదట్లో పోయవచ్చు.

ప్ర: షుగర్ ఉన్నవాళ్ళు, పసిపిల్లలు తాగవచ్చా?

జ: బెల్లం కాబట్టి ఏమీ కాదన్నది అపోహ. పైన చెప్పిన కొలతలో 200 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 35 గ్రాముల బెల్లం ఉంటుంది. బెల్లంలో ఎక్కువ భాగం పంచదారే. షుగర్ ఉన్నవాళ్ళు తీర్థంలా ఒక ఉద్ధరిణెడు పుచ్చుకుంటే ప్రసాదం అందినట్టే. ఏడాది నిండని బిడ్డకు పానకం పట్టకండి. ఆ వయసు పిల్లలకు తేనె అసలే పనికిరాదు కాబట్టి పంచామృతం విషయంలోనూ ఇదే జాగ్రత్త.

బజారులో

ప్ర: నల్లబెల్లం కొంటే ఎక్సైజువాళ్ళు పట్టుకుంటారా?

జ: ఇంటికి కిలోనో రెండు కిలోలో బెల్లం కొనుక్కోవడం నేరం కాదు. నల్లబెల్లం, పటిక నాటుసారాకు వెళతాయన్నది ఎక్సైజు శాఖ అనుమానం. అందుకే పెద్ద మొత్తంలో అమ్మేవాళ్ళ మీద, రవాణా చేసేవాళ్ళ మీద నిఘా ఉంటుంది. మేడారం జాతరకు అమ్మవార్లకు బంగారమని బెల్లం సమర్పిస్తారు. ఆ రోజుల్లో కొనేవాళ్ళ ఆధార్ వివరాలు రాసుకోవాలని వ్యాపారులకు అధికారులు చెప్పిన సందర్భాలున్నాయి. గుడి పందిరికి బస్తాల లెక్కన కొంటుంటే కమిటీ పేరున బిల్లు తీసుకుని దగ్గర పెట్టుకోండి. దారిలో ఎవరైనా ఆపినా ఆ కాగితమే జవాబు చెబుతుంది.

ప్ర: పసుపుపచ్చగా మెరిసే బెల్లం మంచిదా?

జ: మెరుపు చూసి మోసపోకండి. అనకాపల్లి లాంటి పెద్ద మార్కెట్లలో రంగును బట్టి ధర పలుకుతుంది. ఆ రంగు కోసం వంట సమయంలో హైడ్రోస్ అనే రసాయనం వేసేవాళ్ళున్నారు. గోధుమరంగులో, కాస్త మెత్తగా ఉండే బెల్లం పానకానికి బాగా పనికొస్తుంది.

ప్ర: కొన్న బెల్లం మీద అనుమానం వస్తే నేనే పరీక్ష చేయించుకోవచ్చా?

జ: చేయించుకోవచ్చు. చాలామందికి తెలియని హక్కు ఇది. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం, కొన్న సరుకును నిర్ణీత రుసుము కట్టి ఫుడ్ ఎనలిస్టు దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. సరుకు ప్రమాణాలకు తగ్గట్టు లేదని తేలితే కట్టిన రుసుము వెనక్కి వస్తుంది.

పందిట్లో

ప్ర: మేం ఊరికే పంచుతున్నాం, అమ్మడం లేదు. అయినా రిజిస్ట్రేషన్ కావాలా?

జ: పక్కింటికి గ్లాసు పంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వీధి పందిరి సంగతి వేరు. లాభం ఉన్నా లేకపోయినా ఆహారం తయారుచేసి అందించే సంస్థ 2006 ఆహార భద్రతా చట్టం దృష్టిలో ఆహార వ్యాపారమే. మతపరమైన, సామాజిక కార్యక్రమాల్లో ఆహారం పంచేవాళ్ళను 2011 నాటి లైసెన్సింగ్ నిబంధనలు చిన్న తయారీదారుల కింద చేర్చాయి. వాళ్ళకు లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ ఉండాలి. కాబట్టి ఏటా పందిరి వేసే కమిటీ ముందుగానే ఆ ప్రాంత ఆహార భద్రతా అధికారిని కలిసి నమోదు చేయించుకోవడం మంచిది. రోడ్డు మీద పందిరికీ, మైకుకూ స్థానిక సంస్థ, పోలీసుల అనుమతి విడిగా తీసుకోవాలి. బహిరంగ స్థలంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు పెట్టకూడదు.

ప్ర: ఐసు, గ్లాసుల విషయంలో ఏం చూసుకోవాలి?

జ: చేపలకు, సరుకు నిల్వకు వాడే ఐసు తాగే నీళ్ళతో చేసింది కాకపోవచ్చు. అలాంటి ఐసును గుర్తుపట్టేందుకు అందులో నీలిరంగు కలపాలని 2018లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. రంగు లేదు కదా అని ఏ దిమ్మె పడితే ఆ దిమ్మె వేసేయకండి. ఎక్కడిదో, ఏ నీళ్ళతో చేశారో అడిగి కొనండి. ఇంకా మంచి దారి, ఐసు జోలికే పోకుండా ముందురోజు కొత్తకుండల్లో పోసి ఉంచిన నీళ్ళతో పానకం కలపడం. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, కప్పులు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. స్టీలు గ్లాసులు పెట్టి, కడగడానికి ఇద్దరిని కూర్చోబెట్టండి. లేదా మట్టి ముంతలు తెప్పించండి.

ప్ర: మా ఊళ్ళో కొందరికి గ్లాసు వేరుగా ఇస్తారు, దూరం నుంచి దోసిట్లో పోస్తారు. ఇది ఆచారమే కదా?

జ: కాదు, నేరం. రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ పేరుతో ఎవరినైనా మతపరమైన ఆచారంలో, వేడుకలో పాలుపంచుకోకుండా అడ్డుకోవడాన్ని 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం శిక్షార్హం చేసింది. బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే సందర్భాన్ని బట్టి 1989 అత్యాచారాల నిరోధక చట్టం కూడా వర్తిస్తుంది. గుడి పందిట్లో ఇచ్చే పానకం ఎవరి సొంతమూ కాదు. వరసలో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ అదే గరిటె, అదే గ్లాసు. ఇంట్లో ఎవరిని పిలుచుకుంటారన్నది మీ ఇష్టం కావచ్చు, పందిట్లో కాదు.

అమ్మాలనుకుంటే

ప్ర: ఇంట్లో పానకం పొడి చేసి వాట్సాప్‌లో అమ్ముతాను. ఏమేం కావాలి?

జ: డబ్బు తీసుకుని అమ్ముతున్నారంటే వంటిల్లే మీ వ్యాపారస్థలం. ముందు ఆహార భద్రతా సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకుని 14 అంకెల నంబరు తీసుకోండి. ప్యాకెట్ మీద ఆ నంబరు, సరుకు పేరు, కలిపిన పదార్థాలు, నికర బరువు, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, తయారీదారు చిరునామా, శాకాహారమని తెలిపే పచ్చ గుర్తు ఉండాలి. షుగర్ తగ్గుతుందనో, రక్తం శుద్ధి అవుతుందనో గొప్పలు రాయకండి. తప్పుదారి పట్టించే ప్రకటనకు 2006 ఆహార భద్రతా చట్టం 53వ సెక్షన్ కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. దేవుడి బొమ్మ వేసినంత మాత్రాన దీన్నుంచి మినహాయింపు రాదు.

ప్ర: పందిట్లో పానకం తాగి ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే?

జ: ముందు ఆస్పత్రి, తర్వాతే మిగతావన్నీ. మిగిలిన పానకం పారబోయకండి. శుభ్రమైన సీసాలో కొంత తీసి ఫ్రిజ్‌లో పెట్టి, పంపిణీ వెంటనే ఆపేసి, స్థానిక ఆహార భద్రతా అధికారికి కబురు చేయండి. నీళ్ళు, బెల్లం, ఐసు ఎక్కడి నుంచి వచ్చాయో కమిటీ దగ్గర రాసి ఉంటే తప్పు ఎక్కడ జరిగిందో త్వరగా తేలుతుంది. అందుకే పందిరి వేసే రోజున ఒకరికి ఈ లెక్క అప్పగించండి: ఏ సరుకు ఎవరి దగ్గర కొన్నారు, ఎన్ని గంటలకు కలిపారు, ఎప్పటికి అయిపోయింది. ఒక కాగితం, ఒక పెన్ను చాలు.